తుమ్మకట్టె పెన్ను

నిజామాబాదు గాజుల్‌పేటలో వడ్ల లక్ష్మీరాజం దుకాణం. మంచం కోళ్లు, చపాతీ కర్రలు చెక్కే ఖరాదు మిషను మీదే అతను పాత కట్టెలతో పెన్నులు కూడా చేసిస్తాడు. అది పంతొమ్మిది వందల తొంభై నాలుగు, జూన్ నెల. ఎదురుగా కూర్చున్నది ఆత్మారాం, కొత్తగా ఉద్యోగం వచ్చిన పంతులు.

"ఛీ ఛీ ఛీ! మిషను బందు వెడ్తున్న. నాతోని కాదు పో."

"ఏమైందన్నా? మంచిగనే తిరుగుతుండె గద."

"తిరుగుతుంది. తిరిగినకొద్ది కంపు గొడ్తుంది. ముక్కు లేదా నీకు?"

"పాత కట్టె గదన్నా. కొంచెం ఉంటది..."

"పాత కట్టె వాసన నాకు జెప్తవా? ముప్పై ఏండ్లాయె గీ మిషను ముందట కూసోవట్టి. ఏది టేకో, ఏది తుమ్మనో కండ్లు మూసుకొని జెప్త. ఇది ఉచ్చ వాసన. కట్టె వేడెక్కంగనే లేస్తుంది. పొట్టు సూడు, జిగట జిగట చేతికి అంటుతుంది. థూ!"

"ఒక్క పెన్నే గదన్నా. రేపు పొద్దుగాల బడిల జాయినైతున్న. రిజిస్టర్ల మొదటి సంతకం దీనితోనే పెట్టాలె."

"పెన్నులకేం కరువు? అగో, టేకుది ఉన్నది. అది వట్కపో."

"గది వద్దు. మా ఇంటి కట్టెదే కావాలె."

"ఇంటి కట్టె అంటె ఎట్లుంటదో ఎరుకేనా? మొన్న గంగమణి తెచ్చింది, వాళ్లవ్వ ఊపిన తొట్టెల కోడు. చెక్కుతుంటె ఆముదం వాసనొచ్చింది. భీమ్‌గల్ ముత్తన్న నాగలి మేడి తెచ్చిండు, ముగ్గురు కొడుకులకు మూడు పెన్నులు చేసిచ్చిన. పట్టుకొని పట్టుకొని అద్దమోలె అయింది గా కట్టె. నీదేంది? పశుల కొట్టంల గుంజ పీక్కొచ్చినవా?"

"పశుల కొట్టంది కాదు."

"మరి ఏడిది?"

"చెప్పిన గద, ఇంటిదని."

"ఇంట్ల ఏడిది? దర్వాజనా? దూలమా?"

"దూలం... దూలమసొంటిదే."

"దూలం మీదికెక్కి ఎవడన్న ఉచ్చ పోసిండా?"

"నవ్వకన్నా."

"నవ్వుడేంది, నాకు వాంతికొస్తుంది. తిన్న రొట్టె గొంతుల్నే ఉన్నది. రెండుసార్లు లక్క పట్టిచ్చిన. ఉప్పెక్కిన కట్టెకు లక్క పట్టదు. సూడు, పుండు లెక్క పొక్కులు లేసింది. దీన్ని జేబుల వెట్టుకొని పిల్లల ముందట నిలవడ్తవా?"

"నిలవడ్త."

"సదువు ఎక్కువైంది సారూ నీకు."

"మా ఇంట్ల సదివింది నేనొక్కన్నే. ఎక్కువెట్లైతది?"

"మీ తాత ఏం జేస్తుండె?"

"దొరింట్ల జీతముండె."

"జీతమున్నోని ఇంట్ల తుమ్మ దూలమా? గుడిసె గుంజలకే దిక్కుండదు. అబద్ధమాడ్తున్నవ్ తమ్మీ. ఏడిదో జెప్పు, లేకుంటె తీస్కపో."

"చెప్త, చెప్త. మా ఊర్ల దొర గడీ అమ్మేసిండ్రన్నా. కూలగొట్టి కట్టె అంత లాట్లు పెట్టిండ్రు. అందరు చెక్కిన స్తంభాల మీద పడ్డరు. ఇదొక్కటి మూలకు పడి ఉండె. అడిగి తెచ్చుకున్న. సామిల్లుల ముక్కలు కోపిచ్చిన."

"దొర కట్టె మీ ఇంటిది ఎట్లైతది?"

"అయితది."

"అయితది, అయితది! ఒక్కటి సక్కగ జెప్పవు. ఆ మిగిలిన ముక్కలు ఇటియ్యి. వీటికన్న కంపు లేకుంటె... ఆగు. ఇదేంది, అంచుకు సగం బొక్క?"

"సామిల్లుల ఏమన్న..."

"సామిల్లు బొక్క గింత నున్నగుంటదా? ఉలితోని తొలిచింది ఇది. గా ముక్క గూడ ఇటు తే. రెండు కలిపి పట్టు. అట్ల గాదు, తిప్పి. ఆఁ. ఇగో, గుండ్రంగ అయింది. గింత బొక్క దేనికి? గుంజ పట్టెతందుకా? గుంజ కాదు... కాలు. కాలి గిలక పట్టేంత... ఓరి! ఇది బొండకొయ్య గదరా!"

"ముక్కలు ఇటియ్యన్నా."

"గడీలల్ల మనుషుల కాళ్లు ఇరికిచ్చి తాళమేస్తుండ్రి. గదేనా? నిజం జెప్పు!"

"గదే. చెప్తె చెయ్యవని చెప్పలే."

"థూ! కింద వెట్టు దాన్ని! నీళ్లేడున్నయ్, చేతులు కడగాలె. మనిషిని లేవనియ్యక, కదలనియ్యక, ఆడనే ఉచ్చ, ఆడనే దొడ్డికి... ఛీ! దసరకు కుంకుమ వెట్టి మొక్కే మిషను నాది. దీని మీద ఎక్కిచ్చినవా గా పాపాన్ని?"

"మా తాత లింబాద్రి కాళ్లు గందుల్నే ఉండె. తొమ్మిది దినాలు. జొరమొచ్చి పండి, దొర చెరుకుకు నీళ్లు కట్టలేదని."

"మరి కాలవెట్టు దీన్ని! పెన్ను చేపిచ్చుకుంటడా ఎవడన్న?"

"కాలవెడ్తె ఏముంటదన్నా, బూడిద. నాకు అదే ఊరి బడి వచ్చింది. మా తాత పేరు గడీ బాకీ కాయితాల మీద తప్ప ఏడ లేదు. రేపు గా రిజిస్టర్ల నా పేరు ఇంటిపేరుతోని రాస్త. దీనితోనే రాయాలె."

"సమజైంది. నీ రోషం నాకు సమజైంది. కని నాకు చేతులొస్తలేవు. దొరంటె దొర, హుకుం ఇచ్చిండు. ఇది తొలిచినోన్ని ఏమనాలె? వాడు వడ్లోడే గద, మా కులపోడే. ఉలి వట్టి, కొలత వెట్టి, అంచు నున్నగ జేసి... మంచం కోడు చేసినట్టు చేసిండు సూడు! గా చేతులు పడిపోను. వాని వంశం..."

"గట్లనకన్నా."

"అంట! అంటె నీకేంది? వాని వంశం..."

"అన్నా, ఆగు! మీ తాత పేరు రాజమల్లు గద?"

"...నీకెట్ల ఎరుక?"

"ఊర్ల మీ ఇల్లు కూలిన జాగ ఇంక చూపెడ్తరు. పెన్ను అయితె బోధన్ల గూడ చేస్తరు. నేను అడుక్కుంట అడుక్కుంట నీ తానికి వచ్చిన."

"మా తాత సచ్చేదాంక గా ఊరి పేరెత్తలే. మా బాపు అడిగితె కొట్టిండట... అంటె? అంటె ఇది మా తాత..."

"అవునన్నా. మీ తాతనే తొలిచిండు."

"గిందుకొచ్చినవా? నా దుకాణంల కూసోని, నా చేతుల్నే వెట్టి, నా నోటితోనే తిట్టిచ్చి... బద్నాం చెయ్యనీకొచ్చినవా నన్ను? లే! లేసి బయటికి పో!"

"పోత. ఒక్కసారి గా బొక్క కొలిచి చూడు, పోత. దొర చెప్పిన కొలత కన్న బొటనేలంత పెద్దగ తొలిచిండు మీ తాత. ఏనాడు కొలత తప్పని మనిషి, గీడ తప్పిండు. తిండి లేక కాళ్లు బక్కపడ్డయ్ మా తాతయి. తొమ్మిదో దినం మెల్లగ గుంజుకొని మంజీర దాటిండు. తాళం తాళమే ఉన్నది."

"...దొర ఊకున్నడా?"

"ఊకుంటడా? బొక్కకు తోలు చుట్టి బిగిచ్చి, మీ తాతను కూసోవెట్టిండు. పోలీస్ యాక్షనై దొర పట్నం ఉరికేదాంక. నలభై దినాలు. గది కొత్తగ చేపిచ్చిన బొండ అన్నా, అందుల ఇద్దరే పడ్డరు. నీ ముక్కుకొస్తున్న వాసనల తొమ్మిది దినాలదే మా తాతది. మిగిలిందంత మీ తాతది."