అక్క పేరు పక్కన

రాజోలులోని ఓ చర్చి ఆఫీసులో దీనమ్మ కంప్యూటర్ ముందు కూర్చుని కళ్ళు చిట్లించింది. సంఘంలోని కుటుంబాలన్నిటికీ కలిపి వంశవృక్షం తయారుచేసిన టీచరమ్మాయి పక్కనే నిలబడింది.

“ఈ చుక్కలేంటమ్మా, చీమలబారులాగ?”

“నాలుగు వేలమందండీ మామ్మగారూ. అందర్నీ ఒక్కసారే చూస్తే ఏం తెలీదండీ. మీ తాతగారి పేరు నొక్కేననుకోండి, మిగతా కుటుంబాలన్నీ ముడుచుకుపోతాయండీ.”

“ఆయ్, ఇదిగో మా నాన్నగారు. ఆయన కింద నేను, తమ్ముడు... మా అక్క కూడా ఉందే!”

“ఉండకూడదాండీ?”

“చెప్పకుండా పెళ్ళి చేసుకుందని నాన్నగారు ఇంట్లో బైబిల్లో అందరి పేర్లూ రాసుకునే పేజీలో దాని పేరు కొట్టేసేరు. యాభై రెండేళ్ళయింది. అది ఉత్తరం రాస్తే నేనూ జవాబివ్వలేదమ్మా. ఇప్పుడెవరు రాసేరిది?”

“ఆవిడ మనవరాలండీ. నర్సాపురం నుంచి ఫోన్లోనే ఎక్కించిందండీ. అక్కగారి పేరు మీద నొక్కండి, కిందివాళ్ళు విచ్చుకుంటారు.”

దీనమ్మ నొక్కింది. ముగ్గురు పిల్లలు, ఏడుగురు మనవలు. ఒక్కొక్క పేరూ వేలు పెట్టి పైకే చదివింది.

“నాన్నగారి పక్కన రెండు సంవత్సరాలున్నాయి. అక్కకి ఒక్కటే వేసేరేంటమ్మా?”

“మొదటిది పుట్టిన సంవత్సరమండీ. రెండోది పోయిన సంవత్సరం.”

“మరి అక్కకి రెండోది...”

“లేదండీ మామ్మగారూ. ఆవిడ ఉన్నారండీ.”

దీనమ్మ కళ్ళజోడు తీసి, చెంగుతో తుడిచి పెట్టుకుని మళ్ళీ చూసింది. ఒక్క సంవత్సరమే ఉంది.

“గోదారి దాటి నర్సాపురం వెళ్ళడానికి సఖినేటిపల్లి రేవులో ఆఖరి పంటు ఎన్నింటికమ్మా?” అంటూ లేచింది.