ఉరుతేమయ్ వేసిన ముడులు

విరికూత ఎడారిలో పొద్దు వాలుతోంది. కొండ మీది ఊళ్ళ నుంచి హికురి అనే ముళ్ళులేని పవిత్ర జెముడు మొక్క కోసం వచ్చిన యాత్రికులంతా పొదల మధ్య చెదిరి వెతుకుతుంటే, ముసలి ఉరుతేమయ్ మాత్రం ఖాళీ బుట్ట పట్టుకుని పెళ్ళాం హైవీమ చుట్టూనే తిరుగుతున్నాడు.

"ఒక్కటే కదే అడిగాను. బుట్టెడు ఉన్నాయి. ఒకటి ఇటు పడేస్తే నీ సొమ్మేం పోయింది?"

"నాదేం పోదు. మొక్కు నీది. మనవరాలి జ్వరం తగ్గితే నా చేత్తో కోసిన హికురి తెచ్చి ఇంటి దేవుడి గదిలో పెడతానన్నది ఎవరు? నేనా?"

"నీ చెయ్యేమిటి, నా చెయ్యేమిటి. మొగుడూ పెళ్ళాలం."

"ఆ మాట జింక అన్న దేవుడితో చెప్పు. హికురి ఆయన అడుగుల్లో మొలుస్తుంది. ఆయన ఇస్తేనే కంటికి కనబడుతుంది."

"ఇచ్చేవాడే, ఇవ్వకేం. ఎండ కళ్ళల్లో కొడుతోంది. పైగా ఈ మేకలొకటి. ఎవడివోగానీ అంతా తొక్కి పారేశాయి."

"అవే మేకలు నా దారిలోనూ తొక్కాయి."

"యాత్ర నియమమని ఉప్పు లేని రొట్టెలు తిని తిని నాకు చూపు ఆనడం లేదే."

"నేనేం ఉప్పు చేప తిన్నానా? దా, ఇలా కూర్చో. నిన్నొకటి అడగాలి."

"ఇప్పుడు కూర్చోడమేమిటి? పొద్దు దిగితే లారీ ఎక్కెయ్యాలని పూజారి..."

"ఏరా బుజ్జిబాబూ, దొరికిందా?"

"దొరుకుతోంది పూజారి గారూ, ఇదిగో, దొరుకుతూనే ఉంది. చూశావుటే, యాత్రలో అన్నిటికీ తలకిందుల పేర్లు పెట్టాలంటే మాత్రం, ఇంత ముసలాణ్ణి నన్ను బుజ్జిబాబుని చెయ్యాలా?"

"నీ బుట్ట చూస్తే ఆ పేరే సరిపోయేట్టుంది. కూర్చోవయ్యా."

"ఆగు, విను. హకైతేమి ఫిడేలు మొదలెట్టాడు. అంటే వాడి బుట్ట కూడా నిండిపోయిందన్నమాట. ఏం వాయిస్తాడే."

"ఊఁ. బాగానే వాయిస్తాడు. కూర్చున్నావా? బయల్దేరే ముందు మంట చుట్టూ కూర్చుని ఎవరి దొంగ సంబంధాలు వాళ్ళం చెప్పుకున్నాం కదా. పేరుకొక ముడి వేసి, ఆ తాడు అగ్ని తాతకి ఇచ్చాం కదా."

"ఇచ్చాం. కాలిపోయింది. కాలిపోయాక ఆ ఊసెత్తకూడదు. మొగుడైనా పెళ్ళామైనా కుళ్ళుకోకూడదు. నీకు తెలియందా?"

"కుళ్ళుకున్నదెవరు? నాకు ముచ్చటేసింది. అన్నేసి ముడులు వేస్తుంటే చూస్తూ చూస్తూ నా నడుం పట్టేసింది. ఏ పేరైనా మర్చిపోయావేమోనని అడుగుతున్నా. దాచినవాడికి హికురి కనపడదు. మా మేనమామ అలాగే ఒక పేరు మింగేసి వచ్చాడు. తేలు కుట్టి తిరిగెళ్ళాడు."

"ఒట్టు. ఒక్క పేరు కూడా దాచలేదు."

"అది నేనూ నమ్ముతా. సరే, ఒక్కొక్కటే చూద్దాం. బస్సు టికెట్లమ్మే ఎల్విరా."

"ఎల్విరా. ఉండేది. అందగత్తె."

"పోయినేడు నువ్వు దాని గురించి గొప్పలు పోతుంటే, దాని దగ్గర టికెట్టు కొంటూ, నీకు ఉరుతేమయ్ తెలుసా అన్నా. ఏమందో తెలుసా? అదెక్కడి ఊరమ్మా, మా బస్సు అక్కడ ఆగదు అంది."

"గుట్టు కాపాడుకుంటోంది మరి. గొప్ప మనిషి."

"పొగాకు తోటల్లో ఆకు గుచ్చే మార్సెలా?"

"మార్సెలా... అది కోతల చివర్లో. ఇంత వెన్నెల..."

"మార్సెలా మనతో పని చేసింది ఒక్క ఏడే. ఆ ఏడు కోతల చివర్లో నువ్వు కాలు విరగ్గొట్టుకుని పాకలో పడున్నావు. నీకు డబ్బా పట్టింది నేను. మార్సెలా ఎప్పుడొచ్చింది? నేను డబ్బా పారబొయ్యడానికెళ్ళినప్పుడా?"

"ఇప్పుడవన్నీ ఎందుకే. నేనెళ్ళి అటు వైపు చూస్తా."

"కూర్చో. కొండ దిగువ రొట్టెలమ్మే ఆవిడ?"

"ఆవిడా... ఆవిడ ఉంది."

"పేరేమిటి?"

"పేరుతో ఏం పని?"

"అగ్ని తాతకి ఏదో పేరు చెప్పావుగా."

"చెప్పాను. ఏదో చెప్పాను."

"పలోమా అని చెప్పావు. పలోమా మన గాడిదయ్యా."

"ఏం, మనుషులకి ఆ పేరుండకూడదా?"

"పూజారికి దగ్గొచ్చింది అప్పుడు. మా అక్క తలగుడ్డ కొస నోట్లో కుక్కుకుంది. నువ్వు మాత్రం మీసం దువ్వుకుంటూ ఆ ముడి బిగించావు."

"నోట్లోకి ఆ పేరే వచ్చింది, నేనేం చెయ్యను?"

"ఇప్పుడు చెప్పు. మొత్తం ఎంతమంది?"

"ఎంతమందేమిటి."

"నా మొహం చూసి చెప్పు."

"ఎవరూ లేరే. చాలా? ఒక్కత్తీ లేదు. నీ వెనకే తిరిగి తిరిగి ముసలాణ్ణయిపోయాను. మా బావ తాడు చూశావుగా. ముడి పక్కన ముడి, మొక్కజొన్న కంకిలా ఉంది. ఆ పక్కనే నేను ఖాళీ తాడు పట్టుకుని నిలబడాలా? పాపం వీడిలో ఏదో లోపముంది అనుకోరూ?"

"అందుకని గాడిదతో కాపురం పెట్టావు."

"నవ్వకే."

"నవ్వట్లేదయ్యా. ఉన్నది దాచినవాళ్ళని చూశాను గానీ, లేనిది కట్టినవాణ్ణి నిన్నే చూశాను. ఎలా చెప్పినా అబద్ధం అబద్ధమే. పిల్ల ఒళ్ళు కాలిపోతుంటే మొక్కుకున్న మొక్కు ఇది. నీ గొప్పలకి దాని ప్రాణం పణం పెడతావా?"

"నాకు మాత్రం తెలీదా? పొద్దుటినుంచీ అదే గుబులు. పొద చూసినప్పుడల్లా పిల్ల మూలిగినట్టే వినిపిస్తోంది. నావల్ల దానికి జ్వరం తిరగబెడితే నేను బతకలేనే."

"ఊరుకో. కళ్ళు తుడుచుకో, అటు అందరూ ఉన్నారు. నీ టోపీలోంచి ఒక దారం లాగు."

"దేనికి?"

"నా దగ్గర అగ్గిపెట్టె ఉంది. అగ్ని తాత పుల్లలోనూ ఉంటాడు. ఇదిగో, గీస్తున్నా. చెప్పు."

"తాతా... ఎల్విరా అబద్ధం. మార్సెలా అబద్ధం. బావతో పోటీకి చెప్పిన మిగతా పేర్లూ అబద్ధమే..."

"గాడిద."

"గాడిద కూడా అబద్ధం. ఇదిగో తాతా, నా తాడు. ఒక్క ముడీ లేదు. నాకున్నది ఈ హైవీమ ఒక్కతే. తప్పయిపోయింది. నా మీద కోపం పిల్ల మీద చూపించకు."

"అయిపోయింది. చూశావా, ఎంత తొందరగా కాలిందో. ముడుంటే అక్కడ ఆగేది."

"హైవీమా. కదలకు."

"ఏమిటి? తేలా?"

"కదలకు. నీ పావడా అంచు దగ్గర. ఆకుపచ్చగా, గుండ్రంగా... ఒకటి కాదే. సంసారం సంసారమంతా ఉంది ఇక్కడ."

"మెల్లిగా. పైది కొయ్యి, వేరు మట్టిలోనే ఉంచు. మళ్ళీ మొలవాలి."

"నాకు నేర్పుతావా? ఇదిగో, కోసేశా."

"నీ చేత్తోనే కోశావు. అది చాలు."

"ఇందాక ఇక్కడే నిలబడి నీతో పోట్లాడాను. కాలి కిందే ఉన్నాయి. అబద్ధం చెప్పినంతసేపూ జింక అన్న నా కళ్ళకి గంతలు కట్టి, నిజం చెప్పగానే విప్పేశాడు."

"అంతేనయ్యా. ఉన్నదున్నట్టు చెప్పినవాళ్ళకి వెతుక్కోకుండానే దొరుకుతుంది."

"అవునవును. వెతుక్కోకుండానే... నీకు లారీ దిగగానే దొరికింది కదే."

"దొరికింది."

"అందరికంటే ముందు నీకే."

"ఊఁ."

"మంట దగ్గర నువ్వూ ఒక ముడి వేశావు. ఆ ఫిడేలువాడి పేరు చెప్పి."

"వేశాను."

"అందరికంటే నేనే ఎక్కువ నవ్వాను. నన్ను ఉడికించడానికి వేసిందిలే అనుకున్నా."

"నవ్వావు. నాకు గుర్తుంది."

"ఉడికించడానికే కదూ?"

"కాలిపోయాక ఆ ఊసెత్తకూడదన్నావు ఇందాక."

"నాకేం కోపం లేదు. కోపమని ఎవరన్నారు? ఊరికే అడుగుతున్నా. ఉడికించడానికే కదా?"

"కోపం లేకపోతే లే మరి. నా బుట్ట కూడా నువ్వే ఎత్తుకురా. పొద్దుటే నిండిపోయింది, మొయ్యలేక చస్తున్నాను."