ఎర్ర పెన్ను కింద సంతకం

చిట్కుల్‌లోని చిన్న ప్రైవేటు బడిలో పిల్లలు ఇళ్లకు పోయాక, మూడో తరగతి టీచరు డెబోరా ఒక పాప తల్లి ముందు డైరీ తెరిచింది. తల్లి ఫ్యాక్టరీ డ్యూటీ దిగి నేరుగా వచ్చింది.

"జూలై నుంచి రాస్తనే ఉన్నమ్మా, పాపకు బోర్డు కనిపిస్తలేదు, కండ్ల డాక్టరుకు చూపియ్యుండ్రని."

"ఏడ రాసిండ్రు మేడం?"

"ఈ డైరీలనే. ప్రతిసారి కింద మీ సంతకం ఉన్నది కద."

"సంతకం ఒక్కటే వస్తది మేడం, ఫ్యాక్టరీల పనికి పెట్టుకోవాల్నంటే నేర్చుకున్న. ఎర్ర పెన్నుతోని గంత రాస్తుంటే, బిడ్డను మెచ్చుకుంటున్నరనుకున్న."

డైరీలో ఇంగ్లీషే రాయాలన్నది బడి నియమం.

"ఒక్క ఫోన్ చేస్తే అయిపోయేది గద మేడం."

"సంతకం చూసి, చదివి కూడా పట్టించుకుంటలేరనుకున్న."

"బిడ్డనే కనిపిస్తలేదంటే నిన్న డాక్టరుకు చూపిచ్చిన. ఎడమ కన్నుకు ఇగ చూపు రాదన్నరు. ముందుగాల తెస్తే అద్దాలతోనే సరిపోయేదంట."

టీచరు డైరీలో ఇవాళ్టి పేజీ మీద చెయ్యి అడ్డం పెట్టింది.

"ఇయ్యాల ఏం రాసిండ్రు మేడం?"

"మళ్లొచ్చే ఏడు కూడా మూడో తరగతే చదవాలని."

తల్లి ఆ ఎర్ర గీతలను చూసింది. తర్వాత అలవాటుగా పెన్ను అందుకుంది.

"సంతకం గీడనేనా మేడం?"