నీళ్లు తగ్గితే కనబడిన రోలు

తెలకపల్లి బస్సులో కిటికీ పక్కన కూర్చున్న అవ్వకు మనవరాలు ఫోను చూపించింది. ఎండిన బురదలో, కూలిన గోడల నడుమ ఒక రాతి రోలు కనబడుతోంది.

“ఇది ఏ ఊరో చెప్పు అవ్వా. గ్రూపుల అడుగుతున్నరు.”

అవ్వ ఫోను మీదికి వంగింది. డ్యాం నీళ్లలో మునిగిపోయిన తమ ఊరే అది.

“ఎవరడుగుతున్నరు?”

“పావని అని ఎవరో. ముందుగాల చెప్పినోళ్లు గెలిచినట్టు.”

“గెలిస్తే ఏమిస్తరు?”

“ఏమియ్యరు. ఉత్త ఆట.”

“ఏమియ్యకుంట ఎవరన్న అడుగుతరా? డ్యాం కట్టేముందు గూడ గిట్లనే ఫోటోలు తీసిండ్రు, పేర్లడిగిండ్రు. మా నాయిన సంబురంగ అన్నీ చూపెట్టిండు. ఎన్కనే ఊరు ఖాళీ చెయ్యమన్నరు. చెప్పకు.”

“మునిగిన ఊరును మల్ల ఏం ముంచుతరే? ఆగు, ఇంకో క్లూ పెట్టింది. ‘ఈ రోలు కాడ మా నాయనమ్మ సాయమ్మ వడ్లు దంచేది.’”

అవ్వ ఫోను లాక్కున్నంత పని చేసింది. ఊరు విడిచిన నాటి నుంచి తన చిన్ననాటి స్నేహితురాలు సాయమ్మ జాడే లేదు.

“ఎవరో దాని పేరు పట్టుకొని ఆడుతుండ్రు. సాయమ్మ లారీ ఎక్కేటప్పుడు దోస్తు దాని చేతుల ఏం పెట్టిందో అడుగు.”

మనవరాలు రాసింది. నాయనమ్మను అడిగి చెప్తానన్న పావని, కాసేపటికి జవాబు పెట్టింది.

“ఏం పెట్టలేదంట. లారీ కదిలేదాంక ఎదురుచూసిందంట. దోస్తు ఇంట్ల నుంచి బయటికే రాలేదంట.”

అవ్వ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

“అయితే అది సాయమ్మే. గా దినం బయటికి రానిది నేనే. ఊరి పేరు తర్వాత చెప్తగని, ఏడున్నదో అడుగు బిడ్డా.”