నాగజెముడు సున్నం, పక్కనే ఒక బకెట్ నీళ్లు

"చిన్నవ్వా, నాగజెముడు బంక సున్నంలో ఎట్ల కలిపేవాళ్లో చెప్పు. ఫోన్లో రికార్డు చేసుకుంటా."

చెప్తా పాపా, కలిపేది కలుపుతానే విను. మొదలు బైకు మీద పెట్టుకునే ఆ కండ్లద్దాలు పెట్టుకో. ఉక్కపోస్తాదని తీసేసేది కాదు. ఇంకో బకెట్ నిండా మంచినీళ్లు పట్టి నీ పక్కన పెట్టు. ఆ మూలకెందుకు? పక్కనంటే పక్కనే, చెయ్యి చాస్తే అందాల. నవ్వొద్దు. నీకు నవ్వులాట, నాకు పొద్దుట్నించి ఇదే దిగులు.

ఇది మీ అవ్వ నాటిన చెట్టే. మా రత్నక్క. నీకు అవ్వ, నాకు తోడికోడలు. సర్జాపుర రోడ్డు పొడుగునా అప్పుడు ఈ నాగజెముడు కంచెలే కదప్పా, ఇప్పుడంటే అపార్టుమెంట్లు లేచినాయి గానీ. అవన్నీ పీకి పారేస్తా ఉంటే రత్నక్క ఒక మట్ట తెచ్చి, కోసిన చోటు ఆరేదాకా నీడలో పెట్టి, పాత రంగు డబ్బాలో గుచ్చింది. నీళ్లు ఎక్కువ పోస్తే కుళ్లిపోతాది. పెద్ద ముల్లుకు భయం లేదు, కనపడతాది. నూగుముల్లే కనపడకుండా వేలిలో దిగేది. అందుకే మట్టను పట్టకారుతో పట్టి ముండ్లు మాడేదాకా మంట మీద తిప్పేది. తరవాత ముక్కలు కోసి నానేస్తే రెండు దినాలకు, కాదు కాదు, ఎండాకాలమైతే ఒక దినానికే, బంక తీగలా సాగుతాది. బట్టలో వడకట్టి, చల్లారిన సున్నంలో పిడికెడు ఉప్పేసి కలిపి కొడితే, ఆ గోడ వానకు కరగదు, ఆనుకుంటే చీరకు అంటదు.

చల్లారిన సున్నం అన్నా, విన్నావా? ఆనేకల్ సంతలో తట్ట సున్నపురాళ్లు అప్పుడు రూపాయో, రూపాయిన్నరో. నీళ్లలో వేస్తే కుతకుతా ఉడుకుతాయి. వారం దినాలు ముట్టకూడదు. వారం పెట్టినా కంట్లో పడితే కాలుస్తాది, అద్దాలు సరిగ్గా పెట్టుకో.

నాకు బిడ్డ పుట్టిన ఏడు, ఉగాదికి సున్నం కొట్టాలని మా మామకు తొందర. అరుగు మీద కూచుని "ఇంకా కాలేదా, ఇంకా కాలేదా" అని ఒకటే పోరు. ఆయప్ప చేతికి కుంచె ఎన్నడూ తగల్లేదు. "మేం సున్నం కొట్టించినాం" అని వీధంతా చెప్పుకునేది మాత్రం ఆయప్పే. ఆ పోరు పడలేక రాళ్లు తడిపిన మరుసటి దినమే కలిపేసినాం.

రత్నక్క నిచ్చెన మీద ఉండాది. నేను కింద పట్టుకోని ఉండా. కుంచె పైకెత్తింది, కారి కుడి కంట్లో పడింది. అమ్మా అని కేక. మా అత్త పరిగెత్తుకొచ్చి, "పాలిచ్చేదానివి, చూస్తా నిలబడినావేమే? కంట్లో చనుబాలు పిండు" అనింది. కంట్లో ఏం పడినా అప్పుడు మాకు తెలిసిన వైద్యం అదే. పిండినా. ఒకసారి కాదు, పొద్దు వాలేదాకా పిండుతానే ఉన్నా. పక్కనే డ్రమ్ము నిండా నీళ్లు ఉండాయి పాపా.

మూడో దినం టౌనుకు తీసుకపోతే డాక్టరమ్మ నన్ను బయటికి పిలిచి, "వెంటనే నీళ్లు పోయలేదేమి? ధార విడవకుండా కడిగింటే కన్ను దక్కేదేమో" అనింది. గోడకు పట్టుకోవాలని కలిపిన బంక కంటికీ అట్లే పట్టుకునింది.

గోడ తెల్లగయింది. మీ అవ్వ కన్నూ తెల్లగయింది. పండక్కి వచ్చినోళ్లంతా గోడను మెచ్చుకున్నారు. మా మామేమో, శుభానికి బయలుదేరేటప్పుడు రత్నమ్మ ఎదురు రాకూడదన్నాడు. మీ అవ్వ ఊరుకునే మనిషా? నట్టింట్లో నిలబడి, "గోడ తెల్లగుంటే లక్ష్మి, నా కన్ను తెల్లగుంటే అపశకునమా మామా?" అని అడిగింది. ఆయప్ప తువ్వాలు దులుపుకోని అరుగు మీదికి పోయినాడు.

అప్పుడన్నా నేను నోరు విప్పాల్సింది. అదే... అదే చెప్పాలనుకుంటా ఉండా. డాక్టరమ్మ మాట మీ అవ్వకు నేను చెప్పలేదు. ఈరోజు చెప్తా, రేపు చెప్తా అని, పోయినేడు ఆమె పోయేదాకా చెప్పలేదు. ఇంటికి ఎవరొచ్చినా, "మా చెల్లెలు తన బిడ్డను ఏడవనిచ్చి నా కంట్లో పాలు పోసింది" అని గొప్పగా చెప్పుకునేది. అది విన్నప్పుడల్లా నేను లేచి వంటింట్లోకి పోయేదాన్ని.

తప్పు నాదా, పిండమన్న అత్తదా, తెలియదు. మామ పేరు మాత్రం ఎవరూ ఎత్తలేదు, అది బాగా తెలుసు. ఇంక నువ్వు ఏమన్నా అను పాపా. మీ అవ్వ తరపున అనేదానికి నువ్వే ఉండావు.

ఏమే, ఏడుస్తా ఉండావా? ఉండు! ఆ చేతులు పైకెత్తొద్దు, మోచేతి దాకా సున్నం ఉండాది. ముందు ఆ నీళ్లలో కడుక్కో. ఇంకోసారి. ఇంకోసారి కడుక్కో తల్లీ. ఇట్ల సున్నానికి దూరంగా రా, అద్దాలు నేను తీస్తా, నా చేతులు శుభ్రంగానే ఉండాయి. నా కొంగుతో తుడుస్తా. నీ రెండు కండ్లూ నూరేండ్లు చల్లగుండాల... కదలొద్దు, కదలొద్దు...