పెండ్లిగాని పిల్లకు కొప్పు

“చెల్లెను బావి సంపలేదమ్మా. నువ్వు, గీ గల్లీల అమ్మలక్కలు కలిసి సంపిన్రు.”

మలక్‌పేటలోని ఆ ఇంట్లో, ఈత బావిలోంచి తీసి తెచ్చిన చిన్నకూతురి శవం తల దగ్గర తల్లి దువ్వెన పట్టుకుని కూర్చుంది, ఎదురుగా పెద్దకూతురు.

“నేనేం జేసిన బిడ్డా? కసరత్తుకు పొమ్మన్న, ఈతకు పొమ్మన్న.”

“కొప్పు పెట్టుకుంటనంటే వద్దంటివి గద.”

“పెండ్లిగాని పిల్ల కొప్పు పెడితే నలుగురు ఏమంటరు?”

“గా నలుగురు ఇయ్యాల బావిల దిగిన్రా? యాలాడే జడ పోయి పంపు గొట్టానికి చుట్టుకున్నది. నేను ఎంత గుంజినా రాలె.”

“జడ అల్లనియ్యి. పూలు పెట్టి పంపుత.”

“అల్లకు. కొప్పు పెట్టు. పెట్టినంక బయటికొచ్చి, రేపు బావిల దిగే పిల్లల తల్లులకు నీ నోటితోనే చెప్పు. కొప్పన్న పెట్టమను, లేకుంటే జడ కొయ్యమను.”