ఇంజిన్‌ను పట్టే కడ్డీ

1958. రాజపాళయం నూలు మిల్లు షెడ్డులో యజమాని స్పోర్ట్సు కారు మూత ఎత్తి ఉంది. ఇంజిన్ ఊగకుండా బాడీకి కలిపి పట్టే కడ్డీలు రెండు బెంచీ మీద పెట్టి, మిల్లు మేస్త్రీ, తాను ముదలాళీ అని పిలిచే ఆ యజమాని పక్కన నిలబడ్డాడు.

“ఏది వేద్దాం మేస్త్రీ? ఈ లావుదే బలంగా ఉండాదే.”

“అది వేస్తే ఇంజిన్ అదురంతా మీ నడుముకే వస్తుంది ముదలాళీ. రబ్బరు పెట్టిన ఈ సన్నదే మేలు.”

“పాతదాంట్లోనూ రబ్బరే కదా? అది ఎట్ల పోయింది?”

“రబ్బరు కాదు. దొరకలేదని మిల్లు బెల్టు తోలు కత్తిరించి నేనే పెట్టినాను. నూనె తాగి చివికిపోయింది.”

“పోతే?”

“ఇంజిన్ ఒరిగి యాక్సిలేటరు తీగను లాగేస్తుంది. తొక్కకుండానే బండి ఎగురుతుంది.”

“అయితే, మంసాపురం మలుపులో బండి తానుగానే గట్టుకు కొట్టుకుందని డ్రైవర్ గురుసామి చెప్పింది నిజమా?”

“నిజమే. వాడు తొక్కలేదు.”

“నలుగురి ముందర వాని చెంప వాయించి పనిలోనుంచి తరిమినానే! ఆ దినం నోట్లో బెల్లం పెట్టుకున్నావా?”

“భయం ముదలాళీ. నన్నూ తరుముతారని.”

“ఇప్పుడే పోయి వాన్ని పిలుచుకొని రా. తప్పయిందని చెప్పు.”

“తోలు పెట్టిన తప్పు చెప్తాను. కొట్టింది మీరు కదా, అది నేనెట్ల చెప్పేది?”

యజమాని షెడ్డు తలుపు వైపు నడిచాడు.

“సరే, ఇద్దరమూ పోదాం.”

“కొంచెం ఉండండి. కడ్డీ బిగిస్తే కారులోనే పోవచ్చు.”

“వద్దు. ఆ కారు వాకిట్లో నిలబడితే వాడు బయటికి రాడు. బస్సుకు పోదాం.”